చెల్లి పెళ్ళి, ఎనిమిది రకాల పూలు, ఒక బోడి చెట్టు

మా చెల్లి ఫోన్‌లో "పెళ్ళి" అని ఒక ఫోల్డర్ ఉంది. అందులో 214 ఫోటోలు. లెక్కపెట్టాను, నా ఉద్యోగమే లెక్కలు చూడటం. వాటిలో మనుషులున్నవి ముప్ఫైకి మించవు. మిగతావన్నీ పాత చెక్క తలుపులు, గడ్డి మోపులు, కొమ్మలకు వేలాడే గాజు సీసాలు, ఆ సీసాల్లో పూలు.

"అక్కా, నాకు హాలు వద్దు. బయట కావాలి. రస్టిక్‌గా."

"రస్టిక్ అంటే?" అన్నాడు నాన్న పేపర్ దించి.

పెంకుటిల్లు, పెచ్చులూడిన గోడ, పశువుల కొట్టం, నూతిగట్టు, అలాంటిదని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అందులోంచి బయటపడదామనే కదమ్మా నేను చదువుకున్నది" అని మళ్ళీ పేపర్ ఎత్తాడు. అది ఒప్పుకున్నట్టే. మా ఇంట్లో ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

మేం చేసిన మొదటి తప్పు ఏంటంటే, చోటు చూడకుండానే పూలు ఎంచుకోవడం. డెకరేషన్ అతను ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు: పన్నెండడుగుల వెడల్పున పూలగోడ, ముదురు ఎరుపు గులాబీలు, ఊదా లిసియాంథస్, మధ్యమధ్య నీలం హైడ్రాంజియా గుత్తులు. చెల్లి కళ్ళు పెద్దవయ్యాయి. నేనూ తలూపాను. తెర మీద చూస్తే ఏ పువ్వయినా బాగానే ఉంటుంది, అక్కడ ఎండ ఉండదు, గాలి ఉండదు, సాయంత్రం కాదు.

తర్వాత చోటు దొరికింది. ఊరికి దూరంగా పాత రైతు ఇల్లు. యజమానులు ఉండటం లేదు, ఫంక్షన్లకు ఇస్తున్నారు. తూర్పు ముఖం ఇల్లు, ముందు పెద్ద వాకిలి, ఒక పక్క రాతినుయ్యి, ఇంకో పక్క కొట్టం. వాకిలి చివర బ్రహ్మాండమైన బూరుగు చెట్టు. మేం వెళ్ళింది నవంబర్‌లో, పగలు పదకొండింటికి. చెట్టు కింద దట్టమైన నీడ. చెల్లి అక్కడే నిలబడి "ఇక్కడే" అంది. ఫోటో తీసుకుంది. 215.

అడ్వాన్స్ ఇచ్చేశాక, గేటు దగ్గర కావలి ఉండే పెద్దాయన అడిగాడు.

"పెళ్ళి ఎప్పుడమ్మా?"

"ఫిబ్రవరి ఆఖర్లో."

"మరి చెట్టు కిందంటున్నారు. అప్పటికి దానికి ఆకుండదు కదా."

నిజమే. బూరుగు ఆకు రాల్చే చెట్టు. చలికాలంలో ఆకంతా రాల్చేసి, ఫిబ్రవరి, మార్చిల్లో బోడి కొమ్మల నిండా ఎర్రగా పూస్తుంది. ఆ పువ్వు మామూలుది కాదు, పిడికెడంత, కండగా, బరువుగా ఉంటుంది. పైనుంచి పడితే ధబ్బుమంటుంది. "మీరు పూలు కొనడమెందుకు, అదే నెత్తిన వేస్తుంది" అని పెద్దాయన నవ్వాడు. మాకు నవ్వు రాలేదు.

అప్పుడనిపించింది, పెళ్ళి జరిగే వేళకే ఇక్కడికొచ్చి నిలబడి చూడాలని. పెళ్ళి సాయంత్రం నాలుగున్నరకి. కాబట్టి మళ్ళీ నాలుగింటికి వెళ్ళాం, నేనూ, నాన్నా. రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని చీకటి పడేదాకా కూర్చున్నాం. ఇంత పనికొచ్చిన సాయంత్రం ఆ మూడు నెలల్లో ఇంకోటి లేదు.

చెట్టు వాకిలికి తూర్పు కొసన ఉంది. దాని కింద వేదిక వేస్తే పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ పడమటికి తిరిగి కూర్చోవాలి. నాలుగున్నరకి సూర్యుడు ఇంటి కప్పు మీదుగా తిన్నగా వాళ్ళ కళ్ళల్లోకి. ప్రతి ఫోటోలోనూ ఇద్దరూ ముఖాలు చిట్లించుకుని ఉండేవాళ్ళు. అదే ఇంటి ముందు వేస్తే? ఇల్లు పడమర ఎండకు అడ్డం. మేం వెళ్ళేసరికే ఇంటి నీడ వాకిట్లోకి సాగుతోంది, నాలుగున్నరకి దాదాపు నూతిగట్టు దాకా వచ్చింది. షామియానా కూడా అక్కర్లేదు. వెనక ఎలాగూ ఆ పాత తలుపు ఉంది, చెల్లి ఫోల్డర్‌లో ఉన్నలాంటిదే.

నేను నీడ కొలుస్తుంటే నాన్న తలెత్తి చెట్టుకేసి చూస్తున్నాడు. "ఆ నల్లగా వేలాడేదేంటి?" అన్నాడు. తేనెపట్లు. మూడు. కొండ తేనెటీగలవి, ఒక్కోటీ చేటంత ఉంది. పొడుగాటి బూరుగు చెట్లంటే వాటికి ఇష్టం, ఏటా వచ్చి అక్కడే పట్టు పెడతాయట. రాత్రిపూట దీపాల వెలుగుకు కూడా వస్తాయి. చెట్టంతా లైట్ల తీగలు చుట్టాలన్నది మా ప్లానులో ఉంది. ఆ రాత్రే ఆ లైన్ కొట్టేశాను. జనరేటర్ చెట్టు పక్క కాకుండా ఇంటి వెనక్కి పంపించాం, పొగ కూడా అటే పోయేలా.

నాన్న జాబితా వేరు. బాత్‌రూములు ఎన్ని, వాటికి నీళ్ళ మోటరు ఒత్తిడి చాలుతుందా, కార్లు ఎక్కడ తిరుగుతాయి, పాత ఇంటి వైరింగు ఎన్ని లైట్లు మోస్తుంది. 214 ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ బాత్‌రూము లేదని ఆయన పాయింటు. బాత్‌రూములు రెండే ఉన్నాయి, అద్దెవి ఇంకో నాలుగు తెప్పించాం. మట్టి మెత్తగా ఉన్నచోట కుర్చీ కాళ్ళు దిగబడుతున్నాయని ఆయనే కూర్చుని లేచి చూసి, చెక్క పలకలు వేయించాడు.

ఇప్పుడు పూలు. ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను, నాకు ఇష్టమైన భాగం ఇదే.

పెళ్ళికి మూడు వారాల ముందు మేం అనుకున్న ఎనిమిది రకాల పూలూ మూడేసి కాడలు తెచ్చి, ఒకే రకం సీసాల్లో ఒకే మట్టానికి నీళ్ళు పోసి, ఆ వాకిట్లోనే నూతిగట్టు మీద వరసగా పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి. పుస్తకంలో టైం రాసుకుంటూ కూర్చున్నాను. "అక్క పూలకు ఆడిట్ చేస్తోంది" అని చెల్లి అందరికీ మెసేజ్ పెట్టింది. నవ్వుకోనివ్వండి.

ముందు పడిపోయింది హైడ్రాంజియా. నలభై నిమిషాలు. మూడు గుత్తులూ ఎండ తగిలిన పక్కకు తల వాల్చేశాయి, రేకులు తడిగుడ్డలా అయిపోయాయి. దాని పేరులోనే నీళ్ళున్నాయి, గ్రీకులో నీళ్ళపాత్ర అని అర్థం. కాడ తాగే నీళ్ళు అన్ని రేకులకు చాలవు. కానీ దానికో గుణం ఉంది: రేకుల్లోంచి కూడా నీళ్ళు పీల్చుకుంటుంది. బకెట్లో తలకిందులుగా మొత్తం ముంచి ముప్పావుగంట ఉంచితే, మూడింట్లో రెండు లేచి నిలబడ్డాయి. చనిపోయిందనుకున్న మనిషి లేచి కాఫీ అడిగినట్టు.

తర్వాత జెర్బెరా. దాని కాడ మెత్తన, లోపల గుల్ల, తలేమో బరువు. నాలుగింటికల్లా ఒకటి మెడ వంచేసింది. గులాబీలు రేకుల అంచుల్లో కాస్త గోధుమరంగు తిరిగాయి కానీ నిలబడ్డాయి. లిసియాంథస్ చూడ్డానికి అంత సున్నితంగా ఉండి ఇంత మొండిదని అనుకోలేదు. కార్నేషన్, చామంతి, జిప్సోఫిలా, ఈ మూడూ ఏడింటికి కూడా పొద్దున్న షాపులో ఉన్నట్టే ఉన్నాయి. వీటి గురించి ఇంక రాయడానికేం లేదు, మంచి విద్యార్థుల గురించి టీచర్లకు చెప్పడానికేం ఉండనట్టే.

ఎనిమిదోది లిల్లీ. ఇక్కడ చిన్న గొడవ. చెల్లి లిస్టులో "తెల్ల లిల్లీ" అని ఉంది. అంటే ఆమె మనసులో ఉన్నది బూరలాంటి పెద్ద పువ్వు, మధ్యలో నారింజరంగు పుప్పొడి ఉండేది. పూలు ఇచ్చే ఆవిడకు లిల్లీ అంటే నేల సంపెంగ. మన భాషలో సగంమందికి అంతే. ఆవిడ మూడు పొడుగాటి కాడలు ఇచ్చింది, అన్నీ మొగ్గలే. "ఇవేంటి, పూయనే లేదు" అని చెల్లి ముఖం మాడ్చుకుంది. సరే, వచ్చాయి కదా అని వాటినీ పెట్టాను.

ఐదున్నర దాటాక ఒక్కో మొగ్గా విచ్చుకోవడం మొదలెట్టింది. ఆరున్నరకి నేను పుస్తకం పక్కన పెట్టేశాను. వాసన వాకిలంతా పరుచుకుంది. మిగతా ఏడు రకాలు పగలంతా కష్టపడి తమని తాము కాపాడుకుంటుంటే, ఇది మాత్రం సాయంత్రం కోసమే కాచుకుని కూర్చుంది. చెల్లి వచ్చి నూతిగట్టు మీద కూర్చుని, "ఆ పెద్ద లిల్లీలు వద్దులే అక్కా" అంది. మంచిదే అయింది. ఆ పెద్ద లిల్లీల పుప్పొడి బట్టకు అంటుకుంటే ఒక పట్టాన పోదు. నీళ్ళు తగిలితే ఇంకా పట్టేస్తుంది, అంటించే టేపుతో అద్ది తీయాలి. పట్టుబట్టల దగ్గర అదొక టెన్షన్.

ఇంకో విషయం ఆ సాయంత్రమే బయటపడింది. ఆరుంపావుకి, సూర్యుడు దిగిపోయి లైట్లు వేయకముందు, నూతిగట్టు మీద ముదురు ఎరుపు గులాబీలు కనపడటం మానేశాయి. ఉన్నాయి, కానీ నల్లటి ముద్దల్లా. ఊదా రంగు లిసియాంథస్ కూడా మసక. తెల్లవీ లేత పసుపువీ మాత్రం లోపల దీపం పెట్టినట్టు తెలుస్తున్నాయి. నా కళ్ళకేమైనా అయిందా అనుకున్నాను. తర్వాత చదివితే ఇది అందరి కళ్ళకీ ఉండేదే. వెలుతురు తగ్గేకొద్దీ మన కన్ను ఎరుపును ముందు పోగొట్టుకుంటుంది. 19వ శతాబ్దంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త గమనించి చెప్పాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా జరిగే పెళ్ళికి మేం ఎంచుకున్న ముఖ్యమైన రంగు ముదురు ఎరుపు! సగం పెళ్ళి అయ్యేసరికి పూలగోడ నల్లటి గోడయ్యేది.

మర్నాడు డెకరేషన్ అతనికి ఫోన్ చేశాను. గోడ వద్దన్నాను. కాసేపు నిశ్శబ్దం. "మేడం, గోడ లేకపోతే డెకరేషనే ఉండదు" అన్నాడు.

ఆ మాట హాల్లో నిజం. నాలుగు గోడల మధ్య పన్నెండడుగుల పూలంటే కన్ను ఇంకెటూ పోదు. ఆరుబయట అదే పన్నెండడుగులు ఆ ఇంటి ముందు, ఆ చెట్టు ముందు చేతిరుమాలంత. ఆరుబయట పూలతో పోటీకి దిగితే ఆకాశమే గెలుస్తుంది. అందుకని వాకిట్లో నడుస్తూ చూపు తనంతట తాను ఎక్కడ ఆగుతుందో సుద్దముక్కతో గుర్తులు పెట్టాను. ఐదు చోట్లు వచ్చాయి: గేటు దాటగానే దారి మలుపు, నూతిగట్టు, కొట్టం గుమ్మం, వేదిక వెనక తలుపు, ఇద్దరూ కూర్చునే చోటికి రెండు పక్కలా. పూలన్నీ ఈ ఐదు చోట్లకే, ఒత్తుగా. మధ్యలో ఖాళీ. "అంత ఖాళీ వదిలేస్తారా?" అని అమ్మ రోజుకోసారి అడిగేది.

దారి మలుపుకి కోసిన పూలు కాకుండా బంతి కుండీలు పెట్టాం, నలభై. వేళ్ళున్న పువ్వుకి ఎండ భయం లేదు, ముందు రోజే తెచ్చి నీళ్ళు పోసి వదిలేయొచ్చు, గాలికి పడదు. గాలి గురించి ఎవరూ చెప్పరు. ఆ వాకిట్లో ఐదింటికి రోజూ ఒక ఊపు వస్తుంది. సన్నటి గాజు సీసాలు అప్పుడే రెండు పడి పగిలాయి. వాటి బదులు అడుగు వెడల్పు మట్టికుండలు తెచ్చి, అడుగున గులకరాళ్ళు వేశాం. కుండ మూతి లోపల కోళ్ళగూటి జాలీని ఉండలా చుట్టి కుక్కితే కాడలు అందులో నిలబడతాయి. డెకరేషన్ అతను కాడలు గుచ్చే పచ్చ స్పాంజి ఇటుకలు తెస్తానన్నాడు. నేను వద్దన్నాను. అది ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు, పొడిపొడిగా రాలి అక్కడే ఉండిపోతుంది. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన పూల ప్రదర్శనల్లో 2021 నుంచి దాన్ని నిషేధించిందని కూడా చెప్పాను. అతనికి ఆ సొసైటీతో పనేం లేదు కానీ, జాలీలో నీళ్ళు నేరుగా కాడకే అందుతాయన్నది నచ్చింది.

హైడ్రాంజియాలు మాత్రం చెల్లి వదల్లేదు. "మూడే, అక్కా. మూడే." సరే మూడే.

పెళ్ళికి ముందు రోజు సాయంత్రం, కోసిన పూలు వచ్చాయి. కొట్టం అన్నిటికంటే చల్లగా ఉండే చోటు, అక్కడే బకెట్లు పేర్చాం. కింది ఆకులన్నీ తీసేసి (నీళ్ళలో మునిగిన ఆకు కుళ్ళి, కాడ మూతి మూసుకుపోతుంది), చివరలు ఏటవాలుగా మళ్ళీ కోసి, మెడ లోతు నీళ్ళలో పెట్టాం. రాత్రి పదకొండయింది. చేతులు గులాబీ ముళ్ళతో జల్లెడ. అన్నీ అయ్యాయి అనుకుని పడుకున్నాను.

పొద్దున వెళ్ళేసరికి కార్నేషన్లు నిద్రపోయాయి. నిజంగా అదే మాట వాడతారు, రేకులు లోపలికి ముడుచుకుని ఇక విచ్చుకోవు. నా ఆడిట్‌లో ఫస్ట్ వచ్చిన పువ్వు! పక్కకు చూస్తే అర్థమైంది. రాత్రి నేను పడుకున్నాక, చల్లగా ఉందని పళ్ళ బుట్టలు కూడా ఎవరో కొట్టంలోనే పెట్టించారు, సరిగ్గా కార్నేషన్ బకెట్ల పక్కన. ముగ్గే పళ్ళు ఇథిలీన్ అనే వాయువును వదులుతాయి, కార్నేషన్‌కి అది విషంతో సమానం. నాకు ఈ సంగతి తెలుసు. పూలకు చెప్పిన జాగ్రత్తలన్నీ మనుషులకు చెప్పడం మర్చిపోయాను. ఎవరు పెట్టించారని అడిగితే అమ్మ వంటవాళ్ళను చూసింది, వంటవాళ్ళు అమ్మను చూశారు. అక్కడితో వదిలేశాను.

రెండొందల కాడలు పోయాయి. కొట్టం గుమ్మం ఖాళీ. అప్పుడు పెద్దాయన తట్ట పట్టుకొచ్చాడు, నిండా బూరుగు పూలు. తెల్లారి రాలినవి, ఇంకా బిగువుగానే ఉన్నాయి. కాడ లేని పువ్వు కాబట్టి కుండలో నిలబడదు. గుమ్మం ముందు నేల మీదే ముగ్గు గీతలా పరిచాం. ఎరుపు చీకట్లో కనపడదని నేనే చెప్పాను కదా, కొట్టం గుమ్మంలో రెండు లాంతర్లు పెట్టించాం. 

పెళ్ళి గురించి ఎక్కువ రాయను, జరగాల్సినట్టు జరిగింది. ఐదింటికి గాలి వచ్చింది, కుండలు కదల్లేదు. తేనెటీగలు వాటి పనిలో అవి ఉన్నాయి. మూడు హైడ్రాంజియాలూ బకెట్లో మునిగి ఉండి, ఫోటోల వేళకు సరిగ్గా ఇరవై నిమిషాలు బయటికొచ్చి, మళ్ళీ బకెట్లోకి వెళ్ళిపోయాయి. సినిమా హీరోయిన్‌కి గొడుగు పట్టినట్టు ఒక చిన్న పిల్లాణ్ణి దానికే పెట్టాను. ఇప్పుడు ఆల్బమ్ చూసినవాళ్ళంతా అడిగేది "ఆ నీలం పువ్వేంటి, ఎంత బాగుందో" అనే. కార్నేషన్ల సంగతి అడిగినవాళ్ళు లేరు, ఫోటోల్లో అవి లేవుగా. ఆరున్నరకి నేల సంపెంగలు విచ్చుకున్నాయి, మా అత్త ఎవరో సెంటు కొట్టారనుకుని పక్కావిణ్ణి అడిగింది.

బంతి కుండీలు నలభై మేం ఏం చేసుకుంటాం? అక్కడే వదిలేశాం. పెద్దాయన వాటికి నీళ్ళు పోసి, మొక్క మీదే పూలు ఎండనిచ్చి, విత్తనాలు తీసి నూతి పక్కన జల్లాడట. మొన్న ఫోన్ చేసి చెప్పాడు.

"మొలిచాయా?" అన్నాను.

"బాగా మొలిచాయమ్మా. జానెడు లేచాయి. నిన్న మేకలు మేసేశాయి."

విత్తనాలు ఇంకో డబ్బాడు దాచాడట. ఈసారి కంచె కట్టి జల్లుతానన్నాడు.